పదవి లేని ముద్దాయి

రాజకీయ నాయకుల భార్యల గురించి మాట్లాడమంటే మొదట వెనకాడాను. పట్టుచీరలూ, ప్రారంభోత్సవాలూ మన ఉద్యమానికి దూరమనిపించాయి. తర్వాత 1995 ఆగస్టు గుర్తొచ్చింది.

1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు ఘనవిజయం సాధించారు. ప్రచారంలో ఆయన పక్కన లక్ష్మీపార్వతి ఉన్నారు. ఓట్లకు ఆమె అడ్డు కాలేదు. తొమ్మిది నెలలు తిరక్కుండానే పార్టీ చీలింది. తిరుగుబాటుకు గట్టిగా వినిపించిన కారణం భార్య జోక్యం. ‘దుష్టశక్తి’ అనే మాట ఆ రోజుల్లో ఎన్నిసార్లు విన్నామో!

ఆమె రాజకీయాలను నేను సమర్థించడం లేదు. టికెట్లలో, పదవుల్లో ఆమె ప్రమేయం ఎంతో తేల్చడం నా పనీ కాదు. నా ప్రశ్న వేరు. జోక్యమంటే ఏమిటి? ఆ కుటుంబంలో ఇద్దరు అల్లుళ్ళూ రాజకీయాల్లో ఉన్నవాళ్ళే. సెప్టెంబరు 1న చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. శాసనసభ్యుడు కాకుండానే కొడుకు హరికృష్ణకు మంత్రి పదవి వచ్చింది. అల్లుడు చేస్తే నాయకత్వం, భార్య చేస్తే పెత్తనం! ముఖ్యమంత్రి నిర్ణయాలకు ముఖ్యమంత్రినే కదా నిలదీయాలి? డెబ్బై రెండేళ్ళ నాయకుణ్ణి ఏమీ తెలియని అమాయకుణ్ణి చేసి, చర్చంతా ఆమె మొదటి పెళ్ళి మీదికీ, వయసు మీదికీ మళ్ళించారు. స్టాఫ్ రూములో ఆ జోకులకు నేనూ నవ్వాను. అది దాచి ఇక్కడ నిలబడి మాట్లాడలేను.

1997 జూలైలో బీహారు ముఖ్యమంత్రి అయిన రబ్రీదేవి విషయంలో ఇది తిరగబడింది. అక్కడ భార్య మాట్లాడకపోవడమే ఎగతాళి అయింది.

అదే 1995లో మన ఉమ్మడి రాష్ట్రంలో మూడోవంతు రిజర్వేషన్లతో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. తర్వాత ఒక ఊళ్ళో సర్పంచిని కలవబోతే భర్త వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ టీ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. “పేరుకే సర్పంచి మేడం” అని నవ్వాడు టీకొట్టాయన. ఏడాది తర్వాత వెళ్తే ఆవిడే కూర్చుని బోరింగుల సంగతీ, వీధిదీపాల సంగతీ చెప్పింది. భర్త పక్కన నిలబడి విన్నాడు. తిరిగొస్తుంటే అదే టీకొట్టాయన గొంతు తగ్గించి అన్నాడు: “మొగుణ్ణి కొంగుకు కట్టేసుకుంది మేడం. ఊరంతా ఆడపెత్తనం అయిపోయింది.”

మన శిక్షణ శిబిరాల్లో చట్టం సెక్షన్లన్నీ చెబుతున్నాం. ఈ మాటకు ఆవిడ ఏం జవాబివ్వాలో మాత్రం ఇంతవరకూ కూర్చుని మాట్లాడుకోలేదు.