టంకశాల యెవరిది?

(గ్రంథాలయసభలో చేసిన ప్రసంగము)



నాణెమును ముద్రించు నధికారము రాజ్యాధికారములో ముఖ్యాంగము. 1893 వరకు మనదేశమున నెవ్వడైనను వెండిని టంకశాలకు దెచ్చి రూపాయలు చేయించుకొనగలిగెడివాడు. ఆ యేడు జూను మాసమున నాంగ్ల ప్రభుత్వ మా ద్వారమును ప్రజలకు మూసివైచినది. 1927లో రూపాయికి 18 పెన్నీల మారకపు ధరను శాసించినది; 16 పెన్నీలే న్యాయమని మన ప్రతినిధు లెంత వాదించినను చెవిని బెట్టలేదు. ప్రజల ధనమునకు ప్రజల సమ్మతి లేకయే నియమ మేర్పడిన దినము లవి.

నేడు కథ మాఱినది. కంప్యూటరు నెఱిగిన యువకుడు తన గదిలో గూర్చుండి క్రొత్త నాణెమును కల్పింపగలడు. టంకశాల తలుపులు తెఱచుకొన్నవని కొందఱు సంతసించుచున్నారు. తాళపుచెవి యెవరిచేత నున్నదో కూడ విచారింపవలయునని మేము కోరుచున్నాము.

క్రిప్టోకరెన్సీ యనగా లోహమును కాగితమును లేని నాణెము. దాని జమాఖర్చుల చిట్టా ప్రతి యొక్కటి యనేకుల యంత్రములలో నుండును. కొన్ని నాణెములలో ఆ చిట్టాకు క్రొత్తపుట చేర్చుటకై కంప్యూటర్లు కఠినమైన లెక్కతో పోటీపడును. గెలిచినవానికి క్రొత్త నాణెములు బహుమానముగా బుట్టును. దీనినే మైనింగు, అనగా గని త్రవ్వుట, యందురు. కావున బహుమాన నియమమే యీ నాణెమునకు రాజ్యాంగము.

సతోషి నకమోటో యను మాఱుపేరుగలవారు 2009 జనవరి 3వ తేదీన ప్రారంభించిన బిట్కాయినులో ఈ నియమము సరళము. సుమారు పది నిమిషముల కొక పుట. మొదట పుటకు 50 నాణెములు. 2,10,000 పుటల కొకమాఱు బహుమానము సగమగును. 2024 ఏప్రిల్‌లో నది 3.125కు దిగినది. మొత్తము 2 కోట్ల 10 లక్షలకు మించదు. దీనిని మెచ్చనివా రుండవచ్చును గాని, తెలియలేదనువా రుండరు.

సరళత విసుగు పుట్టించినవారు వింత బహుమానములను కల్పించిరి. 2013 డిసెంబరులో బిల్లీ మార్కస్, జాక్సన్ పామర్ అనువారు పరిహాసముగా డోజికాయినును వెలువరించిరి. అందు నిమిషమున కొక పుట. బహుమానము లాటరీ: సున్న మొదలు పదిలక్షల నాణెముల వఱకు నెంతైన రావచ్చును. చూచుటకు వినోదమే! కాని యా లాటరీచీటి ముందుపుట ముద్రలోనే దాగియుండెను. ఒక పుట ముగియగానే, తరువాతి పుట విలువ యెంతయో లెక్కవేసి తెలిసికొనుట సాధ్యమయ్యెను. తెలివిగలవాడు పెద్ద బహుమానమున్న పుటకే పనిచేసి, చిన్నదైనప్పుడు తన యంత్రమును మఱియొక నాణెమునకు ద్రిప్పుకొనవచ్చును. రేయింబవళ్ళు నమ్మకముగా బనిచేసినవానికి తాలు మిగులును.

అంతకంటె గొప్ప యపాయము మఱియొకటి కలదు. ఒక పుటకు పదిలక్షలును, తరువాతి పుటకు పదియును బహుమానమైనచో, పదికై పాటుపడుటకంటె, వెనుకకు బోయి పదిలక్షల పుటను తనపేర మరల వ్రాయుటయే లాభమను దుర్బుద్ధి పుట్టును. అప్పుడు చిట్టాకే నిలుకడ యుండదు. 2014లో 1,45,000వ పుటనుండి లాటరీని దీసివైచి స్థిరమైన బహుమానము నేర్పఱచిరి. 6,00,000వ పుట మొదలు పుటకు 10,000 నాణెములు శాశ్వతముగా నిర్ణయమైనవి. పరిహాసముగా బుట్టినదియు తన తప్పును దిద్దుకొన్నది. గంభీరులమని చెప్పుకొనువారు దీనిని గమనింపవలయును.

వింతయంతయు చెడుగని మా యభిప్రాయము గాదు. 2013లోనే వచ్చిన ప్రైమ్‌కాయిను, వ్యర్థమగు లెక్కకు బదులు ప్రధానసంఖ్యల శ్రేణులను వెదకుటకు బహుమాన మిచ్చినది. లెక్క యెంత కఠినమైన బహుమాన మంత తగ్గునట్లు, 999ని కాఠిన్యపు వర్గముచే భాగించి యిచ్చునది. మొనీరోలో 2022 జూను నుండి పుటకు 0.6 నాణెము లెన్నటికిని నిలిచియుండునట్లు చేసిరి. బహుమాన మడుగంటినపిమ్మట చిట్టాకు కావలి యెవరుందురను ప్రశ్నకు నది యొక సమాధానము. ఇట్టి వింతలకు ప్రయోజనము కలదు. డోజికాయిను లాటరీకి వినోదము తప్ప వేఱు ప్రయోజనము కానరాదు.

కావున, క్రొత్త నాణెమును గల్పింపబూను యువకులారా, మీ నియమమును మూడు ప్రశ్నలతో పరీక్షించుకొనుడు. మొదటి నాణెములు ప్రజలకు ద్వారము దెఱచుటకు ముందే కల్పించినవాని సంచిలో బడినవా? అదృష్టమని చెప్పినది యెవనికైనను ముందే తెలియగలదా? నెమ్మదిగా, నమ్మకముగా బనిచేయువానికి జిత్తులమారికంటె తక్కువ దక్కునా? అదృష్టమే కావలెనన్నచో, దాని నిర్ణయమును గడచిన పుటనుండి గాక, పని ముగిసిన పిమ్మట రాబోవు పుటలనుండి గ్రహింపుడు. అప్పుడును ఒక పుటకు కొండయు, మఱియొకదానికి గోరంతయు పెట్టకుడు.

కొనబోవు పౌరులకు మా మనవి యొక్కటే. ఇంటి పొదుపును దీసికొనిపోయి యిట్టి నాణెములలో బోయుటకు ముందు, యీ ప్రశ్నలకు వ్రాతమూలకముగా బదులడుగుడు. నాడు పరాయివాడు మన సమ్మతి లేక నియమము చేసెను. నేడు నియమము మన కన్నులయెదుటనే యున్నది. చదువక సమ్మతించినచో నింద యితరులపై వేయ వీలులేదు.