దండెం తీగ చెప్పే పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. మీలో జగిత్యాల, కోరుట్ల వైపు వరి, పసుపు పండించేవాళ్లున్నారు. సిరిసిల్లలో సాంచాలు నడిపేవాళ్లున్నారు. గల్ఫ్‌లో వైరింగు పని చేసి వచ్చినవాళ్లున్నారు. అందరికీ రోజూ కరెంటుతోనే పని. అందుకే పదో తరగతి పాఠాన్నే మళ్లీ గుర్తుచేస్తాను.

కరెంటు పారాలంటే రెండు కావాలి. ఒకటి తోసే బలం, అదే వోల్టేజి. రెండోది ఎక్కడా తెగని దారి, అదే వలయం. దారిలో ఉండే అడ్డే నిరోధం. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. బడిపంతులుగా పనిచేసిన జార్జ్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ఇదే.

పెళ్లి పందిట్లో సీరియల్ బల్బులకు ఒకటే దారి. ఒకటి పోతే వరుసంతా ఆరిపోతుంది. ఇంట్లో, షెడ్డులో అన్నీ సమాంతరంగా ఉంటాయి, దేని దారి దానిదే. ఒక సాంచా ఆగినా పక్క సాంచా నడిచేది అందుకే.

ఇక మన ఇళ్లలోని ఇనుప దండెం సంగతి. సర్వీసు వైరు ఒరుసుకుని దాని తొడుగు చిరిగితే దండేనికి 230 వోల్టులు వస్తాయి. దానిపై వాలిన పిట్టకు ఏమీ కాదు, ఎందుకంటే భూమికి దారి లేదు. తడి బట్టలతో, వట్టి కాళ్లతో మనిషి ముట్టుకుంటే ఆ దారి పూర్తవుతుంది. తడిసిన ఒంటి నిరోధం 1000 ఓములనుకుంటే 0.23 ఆంపియర్ల కరెంటు పారుతుంది. గుండె లయ తప్పడానికి అందులో సగం చాలు.

ఫ్యూజు కొట్టేయదా అంటారు. 60 వాట్ల బల్బు తీసుకునేది 0.26 ఆంపియర్లు. అంటే 5 ఆంపియర్ల ఫ్యూజుకు మనిషి ఇంకో బల్బులాగే కనబడతాడు. ఫ్యూజు కాపాడేది వైరును, మనిషిని కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. పోయిన కరెంటుకు, తిరిగొచ్చిన కరెంటుకు తేడా వస్తే అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది.

పొలం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. అప్పటి నుంచి ‘ఈ వేళప్పుడు కరెంటు ఉండదులే’ అనే ధీమా పనికిరాదు. సిరిసిల్లలో 1970లో ఏర్పడిన సహకార సంఘం సెస్ ఉంది, మిగతాచోట్ల డిస్కం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే వాళ్ల సిబ్బందినే పిలవండి.

మీ నుంచి నేను కోరే గురుదక్షిణ రెండే: ఇనుప దండెం విప్పేసి నైలాన్ తాడు కట్టండి, ఇంటి బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టించండి. ఉపాధ్యాయ మిత్రులు వలయం పాఠాన్ని దండెంతోనే మొదలుపెట్టండి. పిల్లలు ఇంటికెళ్లి ముందు దండెం వైపే చూస్తారు.