కాపర్-టి: పెట్టినవాళ్లే తీయాలి కూడా



కుటుంబ నియంత్రణ గురించి మన సమావేశాల్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు అందులో చిన్నదిగా కనిపించే ఒక ప్రశ్న తీసుకుంటున్నాను. గర్భసంచిలో పెట్టిన కాపర్-టిని ఎప్పుడు తీయించుకోవాలి? తీయమని అడిగిన స్త్రీకి ఎందుకు 'ఇంకొన్నాళ్లు ఓర్చుకోమ్మా' అనే జవాబే వస్తుంది?

1965లో మన దేశంలో లూపు ప్రవేశపెట్టారు. అది ఉత్త ప్లాస్టిక్. తర్వాత రాగి తీగ చుట్టిన కాపర్-టి వచ్చింది. రాగికి గడువుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా పెట్టేవి రెండు రకాలు. 380-ఏ రకం 10 ఏళ్లు పనిచేస్తుంది, 375 రకం 5 ఏళ్లే. జనం నోట రెండూ కాపర్-టిలే. అయిదేళ్లదాన్ని పదేళ్లదనుకుంటే అక్కరలేని గర్భం రావచ్చు. పదేళ్లదాన్ని మూడేళ్లకే పాతదైపోయిందని మారిస్తే అనవసరపు బాధ. అందుకే రకం, పెట్టిన తేదీ, తీయాల్సిన తేదీ రాసిన కార్డు ప్రతి స్త్రీ చేతిలో ఉండాలి. కాన్పయిన 48 గంటల లోపు పెట్టే పద్ధతిలో ఇది మరీ ముఖ్యం. పురిటి నొప్పుల్లో ఉన్న మనిషి తల ఊపితే అది అంగీకారం కాదు. నెలనెలా పరీక్షలకు వచ్చినప్పుడే వివరంగా చెప్పి అడగాలి.

గడువు తీరాక పాతది తీసి అదే రోజు కొత్తది పెట్టించుకోవచ్చు. గర్భసంచికి 'విశ్రాంతి' ఇవ్వాలన్నది అపోహ. తీయగానే మళ్లీ గర్భం రావచ్చు కాబట్టి, పిల్లలు వద్దనుకునేవాళ్లు ఇంకో పద్ధతి చూసుకోవాలి. తీయించుకోవడానికి వారం ముందు నుంచీ నిరోధ్ వాడాలి. 40 దాటాక రాగి రకం పెట్టించుకున్నవాళ్లు ముట్లుడిగేదాకా ఉంచుకోవచ్చు. 50 దాటాక ముట్లు ఆగితే ఏడాది తర్వాత, అంతకుముందే ఆగితే రెండేళ్ల తర్వాత తీయించుకోవాలి. అంతేగాని లోపల మరిచిపోకూడదు.

కొన్నిసార్లు గడువు దాకా ఆగకూడదు. ముట్టు తప్పితే వెంటనే పరీక్ష చేయించాలి. గర్భం ట్యూబులో నిలిచిందేమో చూడాలి. గర్భసంచిలోనే ఉండి, దారం అందుతుంటే, తొలి నెలల్లోనే కాపర్-టి తీసేయాలి. ఉంచితే గర్భస్రావం, ఇన్ఫెక్షన్ ప్రమాదం ఎక్కువ. గట్టి ప్లాస్టిక్ వేలికి తగిలితే అది జారుతున్నట్టు. దారం కనిపించనంత మాత్రాన 'పడిపోయిందిలే' అనకూడదు. స్కానింగు, అవసరమైతే ఎక్స్‌రే తీయించాలి. జ్వరం, పొత్తికడుపులో నొప్పి, వాసనతో తెల్లబట్ట ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యం చేయించాలి. ఎవరూ సొంతంగా దారం పట్టి లాగకూడదు.

ఇక అసలు మాట. ఈ కారణాల్లో ఏదీ లేకపోయినా 'నాకు వద్దు' అన్న మాట చాలు. పెట్టించుకున్న మర్నాడైనా సరే. తొలి మూడు నాలుగు నెలలు ముట్టు ఎక్కువ కావడం, నొప్పి రావడం మామూలే, తర్వాత చాలామందికి తగ్గుతుంది. ఈ సంగతి చెప్పడం మన బాధ్యత. ఓర్చుకోవాలో వద్దో తేల్చుకోవడం ఆమె హక్కు. భర్త సంతకం అక్కర్లేదు. పిల్లల్ని కనాలా వద్దా అన్న నిర్ణయం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

మరి ఎందుకు తీయరు? కుటుంబ నియంత్రణ లక్ష్యాలను 1996లో ఎత్తేశామన్నారు. కానీ రిజిస్టర్లలో గొప్పగా కనిపించేది పెట్టిన లెక్కే. కాన్పు వెంటనే పెడితే పెట్టినవారికీ, వెంట వచ్చిన ఆశా కార్యకర్తకూ కేసుకింత అని ప్రోత్సాహకం ఉంది. తీసినప్పుడు ఎవరి లెక్కా పెరగదు. ఇందులో ఒక్క నర్సమ్మను తప్పుపట్టి లాభం లేదు. ఆమె మీద పైనుంచి ఒత్తిడి ఉంటుంది. మారాల్సింది ఆ లెక్కల పద్ధతి.

కాబట్టి మన సంఘాలు చేయాల్సిన పని ఇది. ప్రతి ఊళ్లో కాపర్-టి ఉన్నవాళ్ల కార్డులు చూద్దాం. కార్డు లేనివాళ్లకు ఆసుపత్రి నుంచి రాయించి ఇప్పిద్దాం. తీయించుకోవాలనుకునే స్త్రీకి తోడు వెళ్దాం. తీయనంటే కారణం కాగితం మీద రాసిమ్మని అడుగుదాం. పెట్టే ప్రతి చోటా తీసే ఏర్పాటు కూడా ఉండాలని పట్టుబడదాం. తీయించుకునే దారి మూసేసి పెట్టే కాపర్-టి ఆమె ఎంచుకున్న సాధనం కాదు, ఆమె మీద రుద్దినదే.