తోటమాలి యెరుక



పుష్య మాఘమాసములలో బాపులపాడు మొదలు నూజివీడు వరకు గల మెట్టభూములలో మామిడి పూతపట్టును. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు — ఏ తోటలో అడుగిడినను గాలి యంతయు పూతవాసనతో నిండియుండును. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినది. బాపులపాడు కృష్ణాజిల్లాలోనే నిలిచినది. అయినను మామిడికి సంబంధించినంతవరకు ఇది యంతయు ఒకే సీమ.

ఈ ఋతువునందు తోటను పరిశీలించుటకు ఇద్దరు వత్తురు. మొదటివాడు పూతమీదనే కాపును బేరమాడు వర్తకుడు. అతడు చెట్టు చెట్టునకు తల యెత్తి చూచి, ఎంత కాయ నిలుచునో అంచనా వేసి, ధర నిర్ణయించును. అతని యంచనా సామాన్యముగా తప్పదు. రెండవవాడు తోటమాలి. అతనికిని ఆ లెక్క తెలియును. దానితోపాటు ఏ మొక్కకు ఏ యేట అంటు కట్టినది, ఏ చెట్టు పురుగు పట్టి మరల కోలుకొన్నది కూడ తెలియును. ఒక యేడు విరగగాచి మరుసటి యేడు ఊరకుండు స్వభావము మామిడికి కలదు. ఆ యేట కాయని చెట్టును వర్తకుడు లెక్కలోనుండి తీసివేయును. తోటమాలి దానికిని పాదు చేసి నీరు పెట్టును.

దేవుడు మనలను ఎరుగునని క్రైస్తవులు విశ్వసింతురు. అయితే ఆయన యెరుక ఈ యిద్దరిలో ఎవ్వరి యెరుక వంటిది? మన యోదార్పు అంతయు ఈ ప్రశ్నకు మనము చెప్పుకొను సమాధానముపై ఆధారపడియున్నదని మా తలంపు.

బాల్యమున మనలో అనేకులు “దేవుడు చూస్తున్నాడు, జాగ్రత్త!” అను మాటను బెదిరింపుగానే వినియున్నాము. ఆ భయము పెద్దవారమైన పిమ్మటను మనలను విడువదు. రోగము వచ్చినను, పంట పోయినను, ఏ తప్పిదమునకు ఈ లెక్క తీర్చుచున్నాడో యని మనస్సు వెదకుచుండును. ఇది వర్తకుని చూపునకు వెరచుట వంటిది.

బైబిలునందలి 139వ కీర్తన ఈ భయమును దాచలేదు. దావీదు పేరనున్న ఆ కీర్తనలో భక్తుడు, తాను కూర్చుండుటయు లేచుటయు, ఇంకను నోటికి రాని మాటయు దేవునికి తెలియునని ఒప్పుకొని, ఆ సన్నిధినుండి ఎచ్చటికి పారిపోగలనని అడుగును. ఆకాశమైనను, పాతాళమైనను, సముద్రపు టంచైనను, చీకటియైనను అతనికి మరుగు కాజాలదు. కాని కీర్తన ముగియునప్పటికి ఆ భక్తుడే తన హృదయమును పరిశోధింపుమని దేవుని వేడుకొనును. పారిపోవ దలచినవాడు పిలిచి చూపించుకొనువాడెట్లయ్యెను? నడుమ అతనికొక సంగతి జ్ఞప్తికి వచ్చినది. తల్లిగర్భమున తన్ను రూపించినవాడే తన్ను ఎరిగినవాడు. అంటు కట్టిన చేతికి చెట్టు వెరవనక్కరలేదు.

యోహాను సువార్త మొదటి అధ్యాయమున నతనయేలు వృత్తాంతము కలదు. స్నేహితుడైన ఫిలిప్పు పిలువగా అతడు సందేహించుచునే యేసునొద్దకు వచ్చెను. ఫిలిప్పు పిలువకమునుపే అతనిని అంజూరపు చెట్టు క్రింద చూచియుంటినని యేసు తెలిపెను. ఆ చెట్టు క్రింద అతడేమి తలపోయుచుండెనో సువార్తికుడు వ్రాయలేదు. అది వారిరువురి నడుమ ఉండిపోయిన సంగతి. కాని ఆ యొక్క మాటతో నతనయేలు సందేహము తీరినది.

మన కృష్ణాతీరమునను ఇట్టి వృత్తాంతము కలదు. రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య, నాటి సమాజము అంటరానివారని వెలిగా నుంచిన కుటుంబమున జన్మించినవాడు. ఆతడు క్రైస్తవబోధ వినకమునుపే, పేరైనను తెలియని దేవుని, తన్ను తాను తెలియజేసికొనుమని ప్రార్థించుచుండెనని ఇచ్చటి సంఘముల చరిత్ర చెప్పుచున్నది. 1859లో బెజవాడలో డార్లింగు అను మిషనరీని కలిసికొనిన పిమ్మట ఆతడును, ఆతని వెంట అనేకులును విశ్వాసులైరి. ఊరిబావి చెంతకు రానీయని మనుష్యుని ప్రార్థనను వినువాడొకడు అంతకు ముందే యుండెనని ఆతడు తరువాత గ్రహించియుండును.

ఇంతవరకు చెప్పుట సులభము. కొన్ని యేండ్ల క్రిందట వైశాఖమాసమున, కోతకు వారము దినములుండగా, ఒక రాత్రి ఈదురుగాలి వీచినది. బాపులపాడు చెంత మాకు పరిచయస్థుడైన ఒక కౌలురైతు తోటలో సగమునకు పైగా కాయ నేలరాలెను. దెబ్బతగిలిన కాయకు ధర లేదు. పరామర్శకు పోయిన మమ్ము చూచి ఆయన, “అయ్యగారూ, ఆ గాలి వస్తుందని దేవుడికి ముందే తెలుసు గదా! మరి ఎందుకు ఆపలేదు?” అని యడిగెను.

మా యొద్ద సమాధానము లేకపోయెను, ఇప్పటికిని లేదు. యోబు గ్రంథమునందును యోబునకు కారణము చెప్పబడలేదు. దేవుడు యోబుతో మాటలాడుట మాత్రము కలదు. మేము మౌనముగా నుండగా ఆయనయే మరల చెప్పసాగెను. కౌలు కొరకు ఇంట తెలియకుండ అప్పు చేసియుండెనట. ఆ రాత్రి ఇంటికి పోవ మొగము చెల్లక కావలిపాకలోనే కూర్చుండెనట.

“దేవుడితో చెప్పుకుందామనుకున్నానండి. చెప్పబోతే ఆయనకు తెలియనిదేముంది? అప్పు సంగతీ తెలుసు, దాచిన సంగతీ తెలుసు. తెలిసి కూడా నా పక్కనే కూర్చున్నాడనిపించింది. తెల్లవారగానే ఇంటికిపోయి మా ఆడవాళ్లతో అంతా చెప్పేశాను.”

ఇల్లాలు ఆ పూట మాటలాడలేదట. సాయంకాలమునకు తానే తట్ట పట్టుకొని, రాలిన కాయల నేరుటకు తోటకు వచ్చినదట. అప్పు ఆ యేట తీరలేదు.

ఆ రైతు ప్రశ్న ఇంకను మాతోనే యున్నది. అయినను ఆయన చెప్పిన మాటలనుండి మేము నేర్చుకొనినది కలదు. దేవుని యెరుక గాలివానను ఆపునను హామీ మనకు లేదు. తన లెక్కలో సున్నయైన చెట్టు మొదట కూర్చుండి, వేకువ వరకు లేవని తోటమాలి మనకు కలడు. ఆయనకు ముందే తెలిసిన దానిని ఆయనయెదుట దాచు శ్రమ మనకు తప్పినది. ఆ శ్రమ తప్పినప్పుడు, తోడి మనుష్యులతో నిజము చెప్పు బలము కలుగును.

ఈ ప్రసంగము ముగిసి, రేడియో ఆపి, ఇంటివారందరు నిద్రించిన పిదప మనలో అనేకులకు ఎవ్వరితోను చెప్పుకొనలేని సంగతి ఒకటి మేలుకొనియుండును. దానిని ఎరిగినవాడు ఆ గదిలోనే యున్నాడని నమ్మి నేటి రాత్రి నిద్రింతము. రేపు ఉదయమున, దానిని ఎవరికి చెప్పవలసియున్నదో వారికి చెప్పుదము.