కట్టు విప్పాక



ఈ రాత్రి మా అమ్మ కాలు సంగతి చెబుతాను.

పోయిన ఏడు వానాకాలంలో అమ్మ పొలం గట్టు మీద జారి పడింది. పాదం వాచిపోయింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరిగిందన్నారు. పిండికట్టు వేశారు.

ఒక్కో పాదంలో 26 ఎముకలుంటాయి. మన ఒళ్లు బరువంతా మోసేది పాదాలే. విరిగిన ఎముక అతకటానికి మామూలుగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. కట్టు తడవకూడదు. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టాలి. వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కట్టు విప్పారు. ఎముక అతికింది. కానీ అమ్మ అడుగు వేయలేకపోయింది. చీలమండ బిగుసుకుపోయింది. పిక్క సన్నబడింది. "ఇక నా బతుకు ఇంతే" అని ఏడ్చింది.

కొన్ని దేశాల్లో పాదాల వైద్యానికి వేరే నిపుణులుంటారు. వాళ్లను పోడియాట్రిస్టులు అంటారు. మా అమ్మకు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నేర్పింది.

"పిన్నిగారూ, కాలి బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయండి. చీలమండ వదులవుతుంది" అంది.

అమ్మ చెంపలేసుకుంది. "అక్షరాల్ని కాలితో రాస్తారా? తప్పు కాదూ!"

"అయితే సున్నాలు చుట్టండి."

అమ్మ రోజూ సున్నాలు చుట్టింది. నేల మీద తువ్వాలు పరిచి, వేళ్లతో దగ్గరికి లాగింది. డాక్టరు సరేనన్నాకే కర్ర పట్టుకుని కాలు మోపింది. కోతల నాటికి చేలోకి నడిచి వెళ్లింది.

కట్టు విప్పితే సగం పనే అయినట్టు. మిగతా సగం మనం చేయాలి. డాక్టరు చెప్పిన కసరత్తు మానకండి.