గీతలు పడిన బొమ్మలు



ఖాజాగూడ గుట్టల నెక్కి చూచినవారికి ఒక వింత పొందిక కానవచ్చును. కాలిక్రింద సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి బండరాళ్ళు. కన్నుల యెదుట నిన్న మొన్న లేచిన గాజు మేడలు. అట్టి మేడలలో ఒకదానియందు కంప్యూటరు ఉద్యోగము చేయు మా అన్నగారి అబ్బాయి ఆ గుట్టలకు చేరువనే కాపురమున్నాడు. ఒక ఆదివారము అతని యింటికి పోయితిని. భోజనములైన పిమ్మట అతడు గోడకు తగిలించిన పెద్ద తెరపై ఒక అమెరికా చిత్రమును పెట్టెను. బొమ్మ మొదలైనది మొదలు తెరనిండ వాన కురిసినట్లు గీతలు. నడుమ నడుమ బొమ్మ ఎగిరిపడుచున్నది. ఒకచోట కథ మంచి పట్టున నుండగా ఫిల్ము కాలినట్లు కనబడి, ఒక రీలు పోయినదని ప్రకటన వచ్చి, కథ అంతదూరము ముందుకు దూకినది.

"యంత్రము చెడినదేమో చూడు నాయనా" అంటిని.

"చెడలేదు బాబాయ్. ఆ గీతలు కావాలనే పెట్టారు. అదే దాని అందం" అని అతడు నవ్వెను.

ఆ మాట నా మనస్సున చాల దినములు మెదలుచుండెను. గీతలు లేని బొమ్మ కొరకు మా తరము వారు ఎంత వేగిరపడితిమో నాకు తెలియును. ఇప్పుడు డబ్బు పోసి గీతలు కొనుక్కొనుటయా? ఈ వింతకు అర్థమేమి? ఈ పూట ఆ సంగతినే కొంత విచారింతము.

ఆ చిత్రము పేరు 'గ్రైండ్‌హౌస్'. 2007 ఏప్రిల్ నెలలో అమెరికాలో విడుదలైనది. నిజమునకు అది ఒక చిత్రము కాదు, రెండు. రాబర్ట్ రోడ్రిగెజ్ తీసిన 'ప్లానెట్ టెర్రర్', క్వెంటిన్ టరాంటినో తీసిన 'డెత్ ప్రూఫ్' ఒకే టిక్కెట్టుపై వెంటవెంటనే చూపబడినవి. నిడివి మూడు గంటలకు పైమాట. న్యూయార్కు నగరమున 42వ వీథిలోను, అట్టి ఇతర పేటలలోను ఒకప్పుడు చవుక హాళ్ళుండెడివి. వానిలో రక్తపాతము, భయము, శృంగారము, మోటారు కార్ల వేగము సరకుగా తీసిన అల్పవ్యయ చిత్రములను జంటలు జంటలుగా ఆడించెడివారు. ఊరూర ఆడి అరిగిన ప్రింటు చివర కా హాళ్ళకు చేరెడిది. ఆ హాళ్ళు మూతపడిన పిమ్మట, బాల్యమున ఆ బొమ్మలు చూచి పెరిగిన ఈ దర్శకులిరువురును ఆ అరుగుదలను సైతము కల్పించి, తమ జంటచిత్రమును ఒక నివాళిగా సమర్పించిరి.

ఆ రెండు చిత్రములతోపాటు, ఎన్నడును తీయని చిత్రములకు ప్రకటనలు కూడ అల్లి చూపిరి. చిత్రమేమనగా, పరిహాసమునకు అల్లిన ఆ ప్రకటనలలో కొన్ని తరువాత నిజమైన చిత్రములైనవి. 'మచేటీ' 2010లో వచ్చినది. దీనికి సంబంధించిన పోటీలో గెలిచిన కెనడా యువకుని ప్రకటన 'హోబో విత్ ఎ షాట్‌గన్' అను చిత్రమై 2011లో వచ్చినది. 'థ్యాంక్స్ గివింగ్' 2023లో వచ్చినది. తల్లిచిత్రమునకు మాత్రము అమెరికాలో వచ్చిన రాబడి పెట్టిన ఖర్చులో సగమునకు మించలేదు. చవుక చిత్రమును అనుకరించుటకు అంత ఖర్చు కావలసివచ్చుట గమనింపదగిన విషయము.

మనకు అట్టి చిత్రములు లేకపోయినవా? లేకేమి! మన వ్యాపారస్థులు బి, సి సెంటర్లు అని పిలిచిన ఊళ్ళన్నియు వానితోనే బ్రతికినవి. నా చిన్నతనమున మా ఊరి డేరా హాలులో నేల టిక్కెట్టు కొని, మా అమ్మ ప్రక్కన కూర్చుండి, విఠలాచార్యగారి 'జగన్మోహిని' చూచితిని. 1978 నాటి ఆ చిత్రము మా ఊరికి వచ్చుసరికి పాతబడినది. ఇల్లాలి రూపున నున్న దయ్యము వంటచెరకునకు బదులు తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంటచేయు ఘట్టము మీలో చాలమందికి జ్ఞాపకముండవచ్చును. మా అమ్మ చెంగు చాటునుండి నేనది చూచితిని. ఆ ఘట్టము నడుమ ఫిల్ము తెగినది. ఆపరేటరు దానిని అతికించునంతవరకు హాలంతయు ఈలలే. తెగిన ప్రతిసారి కొన్ని బొమ్మలు పోవును. ఆ విధముగా ఊరి కొక తునక పోగొట్టుకొని ప్రింటు ముందుకు సాగెడిది. తెరపైని ప్రతి గీత వెనుకను ఒక ఊరు, ఒక యంత్రము, ఒక రాత్రి ఉండెడివి.

బి. విఠలాచార్య కన్నడసీమ నుండి వచ్చి తెలుగువారికి జానపద బ్రహ్మ యైనవాడు. 1999లో కన్నుమూసినాడు. ఆయన కాలమున కంప్యూటరు మాయలు లేవు. కెమెరా కంటిలో సగమును మూసి ఒకసారి చిత్రించి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, రెండవ సగమును మరల చిత్రించుట వంటి తంత్రములతోనే మాంత్రికులను, భూతములను సృష్టింపవలసివచ్చెడిది. వెంట్రుకవాసి కెమెరా కదలినచో పని యంతయు వ్యర్థము. చవుక చిత్రమన్న మాటలో చవుక యైనది ధనమే గాని, శ్రద్ధ కాదు.

ఖాజాగూడకు ప్రక్కనే నానక్‌రామ్‌గూడ. నటుడు కృష్ణగారు కడపటి సంవత్సరములు గడపిన యిల్లు అచ్చటనే ఉన్నది. 2022 నవంబరు 15న ఆయన మరణించినప్పుడు జనము బారులు తీరిన దచటికే. ఆయన 1966లో 'గూఢచారి 116' చిత్రమున నటించి ఆంధ్ర జేమ్స్‌బాండ్ అనిపించుకొనెను. ఆ చిత్రము మరుసటి యేడే 'ఫర్జ్' అను పేర హిందీకి పోయినది. 1971లో సొంత సంస్థ పద్మాలయా పక్షమున 'మోసగాళ్ళకు మోసగాడు' తీయించెను. కథ ఆరుద్రగారిది, దర్శకత్వము కె. ఎస్. ఆర్. దాసుగారిది. ఇటలీవారు తీసిన అమెరికా గుఱ్ఱపు రౌతుల కథలను చూచి, ఆ తుపాకులను, ఆ టోపీలను తెచ్చి, రాజస్థాన్ ఎడారిలో చిత్రించి, నక్కజిత్తుల నాగన్న వంటి అచ్చ తెలుగు పేర్లు పెట్టి, అమరవీడు సంస్థానపు నిధి చుట్టు కథ నడిపిరి. దీనినే భారతదేశపు తొలి కౌబాయ్ చిత్రమని చెప్పుకొందురు. పండితులు నవ్వియుండవచ్చును. కాని ఇటలీవాడు అమెరికా కథను తనదిగా చేసికొనినప్పుడు తెనుగువాడు ఇటలీ కథను తనదిగా చేసికొనుటలో తప్పేమున్నది?

ఇక ఈ చిత్రములకు మన కాలమున సమర్పించిన నివాళులను చూతము. 2002లో కృష్ణగారి కుమారుడు మహేశ్‌బాబు నాయకుడుగా 'టక్కరి దొంగ' వచ్చినది. తండ్రి వేసిన టోపీని కొడుకు ధరించుటయే అందలి ఆకర్షణ. 2018లో 'గూఢచారి' అను పేరే తిరిగి బ్రతికినది. 2019లో 'కొబ్బరిమట్ట' చిత్రమున సంపూర్ణేశ్‌బాబు ముప్పాత్రాభినయము చేసి, ఊరిపెద్దల కథలను, వారి దీర్ఘ సంభాషణలను వెక్కిరించెను. 2021లో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి' తీసి, అమెరికావారి నడచు శవములను కర్నూలు కక్షల నడుమ దింపెను.

వీనిని పోల్చి చూచినచో నివాళి యనునది పలు తెరగులని తెలియును. వేషమును అనుకరించుట ఒకటి. లోపములను చూపి నవ్వించుట ఒకటి. మూడవది, పాతవారి తెగువను మాత్రము గైకొని క్రొత్త కథ కల్పించుట. పరాయి కథను మన నేల మీదికి ఈడ్చుకొని వచ్చి, మన మాట పలికించుటయే కృష్ణగారి, దాసుగారి తెగువ. ఆ లెక్కను గుఱ్ఱము గాని టోపీ గాని లేకున్నను 'జాంబీ రెడ్డి'యే వారికి దగ్గరి చుట్టము.

ఒక సంగతి దాచరాదు. ఆ పాత బొమ్మలలో అన్నియు మెచ్చదగినవి కావు. కథకు పనిలేకున్నను క్లబ్బు నాట్యము లుండెడివి. జ్యోతిలక్ష్మి, జయమాలిని యను అక్కచెల్లెండ్రను చూచుటకే జనమును రప్పించి, ఆ జనమే బయటికి వచ్చి వారిని తూలనాడెడివారు. అదే కాలమున 1970లో దాసుగారే విజయలలితను నాయికగా నిలిపి 'రౌడీరాణి' తీసి, ఆడుదాని చేతికి తుపాకి యిచ్చిరి. కావున నివాళి యిచ్చువాడు వెనుకటి దానిలో ఏది పుచ్చుకొనవలెనో, ఏది విడువవలెనో ఎరుగవలెను. గీతలతోపాటు మచ్చలను సైతము అందమనుకొనిన ప్రమాదము.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తును. 2023 మే 31న, కృష్ణగారి జన్మదినమున, 'మోసగాళ్ళకు మోసగాడు' తిరిగి విడుదలైనది. మరకలు తొలగించి, రంగులు దిద్ది, కొత్త పద్ధతిలో ప్రదర్శించిరి. అమెరికావారు కొత్త చిత్రముపై గీతలు గీసిరి. మనవారు పాత చిత్రముపైని గీతలు తుడిచిరి. రెండును ప్రేమతో చేసిన పనులే. అయినను, తుడుచుటకు ముందు తుడువదగిన వస్తు వొకటి మిగిలియుండవలెను గదా!

ఫిల్ము చిరంజీవి కాదు. వేడికి, తేమకు అది పులియును. డబ్బా మూత తీసినంతనే పుల్లని వాసన కొట్టును. ఆ ఆవిరి ప్రక్కనున్న మంచి ఫిల్మును సైతము చెరచును. రంగులు వెలసి బొమ్మ యంతయు ఎఱ్ఱబడును. వెండి కొరకు కరగింపబడిన ఫిల్ములును కలవు. 1932లో వచ్చిన మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' నేడు చూతమన్న లభింపదు. భక్తిచిత్రమునకే ఆ గతి పట్టగా, దయ్యముల బొమ్మలను, తుపాకి బొమ్మలను ఎవరు దాతురు? పెద్ద నటుల చిత్రములకు అభిమాన సంఘములు కలవు, వారసులు కలరు. విజయలలితకు జయధ్వానము చేయు సంఘ మేది?

2019 డిసెంబరులో మన హైదరాబాదుననే ఫిల్ము పరిరక్షణను నేర్పు శిక్షణ శిబిర మొకటి జరిగినది. పూణేలో 1964లో స్థాపించిన జాతీయ చలనచిత్ర భాండాగారము నేటికిని పనిచేయుచున్నది. కాని భాండాగారము తానుగా ఇంటింటికి రాలేదు. మన ఇండ్లలో, మూతపడిన హాళ్ళ అటకలపై, పాత పంపిణీదారుల గదులలో ఏమున్నదో మనమే చెప్పవలెను. రీలు డబ్బా దొరకినచో ఎండలో పెట్టకుడు. పుల్లని వాసన వచ్చుదానిని వేరుగా నుంచుడు. పాతసామానులవానికి మాత్రము వేయకుడు. హాలు వాకిట కొన్న పాటల పుస్తకమైనను, గోడకాగితమైనను దాచదగినదే. చిత్రము నశించినను, అది ఉండెడిదని సాక్ష్యము చెప్పుటకు ఆ కాగితమే మిగులును.

ఈ మాటలే మా అబ్బాయితో అంటిని. అతడు కొంతసేపు మాటాడక, "మన జగన్మోహిని ఆ గీతలతోనే ఎక్కడైనా దొరుకుతుందా బాబాయ్?" అని అడిగెను. వెదకుదమంటిని. గీతలను కొనుక్కొను కాలమున, నిజమైన గీత గల బొమ్మ ఒకటి వెదకి పట్టుకొనుటకు మించిన నివాళి నాకు తోచుట లేదు.

సెలవు.