కనిపించని నాణెం, కళ్లముందు సేద్యం



ఈ పూట నేను మీతో ముచ్చటించదలచిన విషయం విత్తనం గురించి కాదు, ఎరువు గురించీ కాదు. బిట్‌కాయిన్ మొదలైన అంకెల నాణేల గురించి. వ్యవసాయశాఖ మనిషికి దీనితో పనేమిటని మీరనుకోవచ్చును. పని వున్నది. వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో పత్తి, కంది అమ్మిన డబ్బు చేతికి వచ్చే రోజులలో రైతువేదికల దగ్గర ఎండు తెగులు, మరుకా పురుగు ప్రశ్నలతో పాటు ఇంకొక ప్రశ్న కూడా వినబడుతున్నది. "సారూ, కాయిన్‌లో పైసలు పెడితే ఎట్లుంటది?" అని.

అడిగేవారిని ఆశపోతులని తీసివేయడానికి వీలులేదు. పట్నంలో చదివే కొడుకు సెల్‌ఫోనులో లెక్క చూపించి వుంటాడు. పక్క వూరివాడు లాభం తీశాడని విని వుంటారు. కొందరి దగ్గర భూమి అమ్మగా వచ్చిన డబ్బు కూడా వున్నది. అది మళ్ళీ మళ్ళీ వచ్చే డబ్బు కాదు. కాబట్టి ఈ సంగతి కొంచెం నిదానంగా చూద్దాం.

మొదట, ఈ నాణెం అంటే ఏమిటి? వూరి పహాణీ ఒక్క కచేరీలోనే వుంటే దానిని ఎవరైనా దిద్దవచ్చును. అదే పహాణీ నకలు ప్రతి ఇంటిలోనూ వుండి, మార్పు జరిగినప్పుడల్లా అన్ని నకళ్లలోనూ ఒకేసారి ఎక్కుతూ వుంటే, ఒక్కడు దొంగచాటుగా దిద్దడం సాధ్యం కాదు. బిట్‌కాయిన్ ఇటువంటి పద్దు. 2008లో సతోషి నకమోటో అనే పేరుతో ఈ పద్ధతి ప్రకటించబడింది. 2009 జనవరిలో ఆచరణలోకి వచ్చింది. మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలకు మించకుండా కట్టుబాటు పెట్టారు. పద్ధతి తెలివైనదే. అందులో మోసం లేదు. అయితే పద్దు గట్టిదైనంత మాత్రాన ధర గట్టిదని అర్థం కాదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి.

కంది గింజ విత్తితే కాయ కాస్తుంది. గేదె పాలిస్తుంది. ఈ నాణెం ఏమీ కాయదు, ఏమీ ఈనదు. రేపు మరొకడు ఎక్కువ ధరకు కొంటేనే మనకు లాభం. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు వెనుక ఈ నేల వున్నది, ఈ పప్పు రుచి వున్నది. ధర పడిపోతే ఆదుకొనడానికి కనీస మద్దతు ధర వున్నది. 2025-26 సంవత్సరానికి క్వింటాలు కందికి 8,000 రూపాయలు నిర్ణయించారు. నాణేనికి మద్దతు ధర చెప్పేవారు ఎవరూ లేరు.

ఇక లాభనష్టాల లెక్క చూద్దాం. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ ధర సుమారు 69,000 డాలర్లకు ఎక్కింది. 2022 జూన్‌లో 20,000కు దిగువకు, నవంబరులో 16,000కు దిగువకు పడిపోయింది. 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటింది. 2025 అక్టోబరులో 1,26,000 దాకా పోయి, మరుసటి నెలలోనే 90,000కు దిగువకు జారింది. అంటే 2022 నవంబరులో కొన్నవానికి రెండేళ్లలో ఒకటికి ఆరు వచ్చాయి. ఇది నిజం, దాచవలసిన పని లేదు.

మరి 2021 నవంబరులో, ధర మీద వున్నప్పుడు, పత్తి అమ్మిన డబ్బులో లక్ష రూపాయలు పెట్టిన రైతు సంగతేమిటి? డాలరు మారకపు తేడా పక్కన పెట్టి చూస్తే, ఆ లక్ష మరుసటి జూన్ నాటికి 29 వేలకు దిగింది. 2024 డిసెంబరు దాకా ఓపిక పట్టితే లక్షా 45 వేలు అయ్యేది. కాని జూన్‌లో మృగశిర కార్తె వస్తుంది. వాన పడితే విత్తనం కావాలి, ఎరువు కావాలి, దున్నడానికి ట్రాక్టరు కిరాయి కావాలి. నెలజీతగాడు మూడేళ్లు వేచి వుండగలడు. మన లాగోడి డబ్బు వేచి వుండలేదు. రైతు డబ్బుకు కార్తె వున్నది. నాణేనికి కార్తె తెలియదు. అక్కరపడిన రోజున ధర ఎంత వుంటే అంతకు తెగనమ్ముకోవలసి వస్తుంది. పట్నంవానికీ మనకూ వున్న పెద్ద తేడా ఇదే.

ఇంకొక లెక్క. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తెచ్చిన బాకీ ఇంటిలో వుంటే, లక్షకు ఏడాదికి 24 వేలు పోతున్నదన్న మాట. ఆ బాకీ తీర్చివేస్తే 24 వేలు ఖాయంగా మిగిలినట్లే. ఇందులో ఎక్కుడు దిగుడు లేదు. బాకీ పెట్టుకొని నాణెం కొనేవాడు ఖాయమైన నష్టాన్ని వుంచుకొని, ఖాయం కాని లాభం వెంట పరుగెత్తుతున్నాడు. బ్యాంకు పంట రుణం సంగతీ అంతే. గడువుకు కట్టితే 3 లక్షల వరకు నాలుగు శాతమే పడే అప్పును నాణేలకు మళ్ళించి గడువు దాటించుకుంటే, ఆ రాయితీ పోతుంది, వచ్చే ఏటి అప్పు కూడా చిక్కులో పడుతుంది.

సర్కారు ఏమంటున్నదని అడుగుతారు. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారానికి బ్యాంకులు సేవ చేయరాదన్నది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ వుత్తర్వును కొట్టివేసింది. కాబట్టి కొనడం నేరం కాదు. కాని ఇది మన దేశంలో చెల్లుబాటయ్యే డబ్బు కాదు. 2022 ఏప్రిల్ 1 నుండి లాభం మీద నూటికి 30 చొప్పున పన్ను పడుతున్నది. అదే సంవత్సరం జూలై నుండి, ఒక పరిమితి దాటిన అమ్మకం మీద నూటికి ఒక రూపాయి ముందుగానే కోస్తారు. పంట ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు గదా అనవచ్చును. పంట డబ్బుతో కొన్నా సరే, నాణెం లాభం పంట ఆదాయం కాదు. పైగా ఒక నాణెంలో 50 వేలు లాభం, ఇంకొక దానిలో 50 వేలు నష్టం వస్తే, మిగిలింది సున్న అయినా లాభం మీద 15 వేలు పన్ను కట్టవలసిందే. పన్ను వేశారు గనుక సర్కారు పూచీ వున్నదని అనుకోరాదు.

పూచీ మాట వచ్చింది గనుక చెబుతాను. బ్యాంకు మునిగితే డిపాజిటుకు 5 లక్షల వరకు బీమా వున్నది. నాణేల అంగళ్లకు అది లేదు. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద విదేశీ అంగడి దివాలా తీసింది. 2024 జూలైలో మన దేశపు వజీర్‌ఎక్స్ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగల పాలయ్యాయి. వాడుకదారులు ఏడాదికి పైగా తమ నాణేలు తీసుకొనలేకపోయారు.

ఇంతవరకు చెప్పినది అసలు నాణెం సంగతి. మన పల్లెలకు వచ్చే వాటిలో నకిలీవి కూడా వున్నాయి. గెయిన్‌బిట్‌కాయిన్ అనే పథకం నెలకు నూటికి పది చొప్పున 18 నెలలు ఇస్తామన్నది; దాని పెద్ద 2018లో అరెస్టయ్యాడు. హిమాచల్ ప్రదేశ్‌లో 2023లో బయటపడిన నాణేల మోసంలో పోలీసువారే ఎంతోమంది డబ్బు పోగొట్టుకున్నారు. పేరు కొత్తదే గాని పద్ధతి పాతది. అగ్రిగోల్డులో కట్టిన లక్షలాది కుటుంబాలు ఎన్నేళ్లు తిరిగాయో మన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. కొత్తగా చేరినవాని డబ్బు తీసి పాతవానికి పంచినంతకాలమే ఇటువంటివి నడుస్తాయి.

నకిలీని గుర్తుపట్టే ఆనవాళ్లు చెబుతాను. నెలనెలా ఇంత ఖాయమంటారు. ఇంకో నలుగురిని చేర్చమంటారు. మొదట ఐదారు వందలు నిజంగానే తిరిగి ఇస్తారు. అది గాలానికి గుచ్చిన ఎర. ఫోనులో లక్షలు కనిపిస్తాయి, తీసుకోబోతే ముందుగా పన్ను కట్టమంటారు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా లేచి రండి.

ఇంకొక ముఖ్యమైన హెచ్చరిక. "నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకుంటాము, కమీషను ఇస్తాము" అని కుర్రవాళ్లను అడిగేవారున్నారు. ఎక్కడో మోసపోయినవాని డబ్బు ఆ ఖాతాలో పడితే పోలీసులు ఖాతా ఆపివేస్తారు. కేసు ఖాతాదారు మెడకు చుట్టుకుంటుంది. రైతు భరోసా పడే ఖాతా, పంట డబ్బు పడే ఖాతా అట్లా ఆగిపోతే ఇల్లంతా ఆగిపోతుంది.

అయితే అసలు పెట్టనే రాదా? ఆ నిర్ణయం మీది. కొత్త వంగడం వస్తే మొదటి ఏడు మీరేం చేస్తారు? ఐదెకరాలూ వేయరు. ఓ మూల రెండు గుంటల్లో వేసి చూస్తారు. ఇక్కడా అదే నీతి. బాకీలు తీరి, లాగోడికి, పిల్లల ఫీజులకు, మందులకు పక్కన పెట్టగా మిగిలిన దానిలో, పూర్తిగా పోయినా ఇంటిలో పొయ్యి ఆగదన్నంత మాత్రమే పెట్టండి. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్న మీదటనే పెట్టండి. ఆ అంగడి కేంద్ర ప్రభుత్వపు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైనదో కాదో చూడండి. విత్తనానికి రసీదు దాచినట్లే ప్రతి లావాదేవీ కాగితం దాచండి. రహస్య పదాలు ఎవరికీ చెప్పకండి. అవి పోతే నాణెం కూడా పోయినట్లే. భూమి అమ్మిన డబ్బు మాత్రం ఇందులో పెట్టవద్దని నా గట్టి మనవి.

మోసం జరిగిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోను చేయండి. సిగ్గుపడి నాలుగు రోజులు దాచితే డబ్బు చేతులు మారిపోతుంది. గంటలలో చెప్పితే ఆపగలిగే అవకాశం వున్నది.

విస్తరణ కార్యకర్తలకు కూడా ఒక మాట. రైతు ఈ ప్రశ్న అడిగితే నవ్వకండి, కొనమని సలహా కూడా ఇవ్వకండి. కాగితం మీద బాకీ ఎంత, మిత్తి ఎంత, జూన్‌కు కావలసింది ఎంత అని రాయించండి. చాలాసార్లు జవాబు ఆ కాగితం మీదనే కనిపిస్తుంది. పొదుపు సంఘాల అక్కచెల్లెండ్లకు ఈ లెక్క ముందు చెప్పండి. ఇంటి డబ్బు కాపలా ఎక్కువగా వారిదే.

ఈ పూటకు సెలవు. నమస్కారం.